కుంగని రోడ్డు ఉందా?

కుండ కొనేటప్పుడు దాన్ని పగలగొట్టి చూడం కదా! వేలి కణుపుతో తట్టి, ఖంగుమంటే బేరంలోకి దిగుతాం. పుచ్చకాయ దగ్గర మాత్రం "ముక్క కోసి చూపించవయ్యా" అంటాం. కోశాక కొనక తప్పదనుకోండి, అది వేరే సంగతి.

తారురోడ్డుకీ ఈ రెండు రకాల పరీక్షలూ ఉన్నాయిట. గుండ్రటి ముక్క కోసి తీసి చూడటం ఒకటి. గాయం చెయ్యకుండా బిగువు తెలుసుకోవటం రెండోది. రోడ్ల పని చూసే మా మేనల్లుడు చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నాను.

లారీ వెనక ఇరుసు మీద 8,170 కిలోల బరువు పడేలా నింపుతారు. జంట టైర్ల సందులోకి పొడుగాటి సన్నని దూలం మొన దూర్చి, లారీని మెల్లిగా ముందుకి పోనిస్తారు. బరువు తొలగగానే కుంగిన రోడ్డు పైకి లేస్తుంది. ఎంతనుకున్నారు? మిల్లీమీటరుకి కాస్త అటూ ఇటూ! కంటికి ఆనని ఆ కదలికని గడియారంలాంటి డయలు పట్టేస్తుంది. అమెరికాలో బెంకెల్మన్ అనే ఇంజనీరు కనిపెట్టిన సాధనం కనక, బెంకెల్మన్ బీమ్ అన్నారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1981లో మన దేశానికి తగ్గ పద్ధతులు రాసిపెట్టింది. తారు ఎండకి మెత్తబడుతుంది కనక, ఏ వేడిలో కొలిచినా లెక్కని 35 డిగ్రీలకి సరిచేస్తారు. ఇప్పుడు రోడ్డుమీద బరువు జారవిడిచి, లోపల ఏ పొర బిగువెంతో లెక్కగట్టే యంత్రాలూ వచ్చాయి. వాటి పద్ధతులు 2014లో వచ్చాయి.

"అయితే గట్టి రోడ్డు కుంగదన్నమాట" అన్నాను.

"కుంగని రోడ్డంటూ లేదత్తయ్యా. ఎంత కుంగుతోందన్నదే లెక్క" అన్నాడు.

ఇంటి బరువంతా మోసే ఇల్లాలిని "నీకేం, బాగానే ఉన్నావుగా" అనేవాళ్ళు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

మన గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి సంగతి మీకు చెప్పాలా? వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. పత్తికీ మిరపకీ కన్నతల్లి. రోడ్డుకి మాత్రం సవతితల్లి. అందుకే ఈ పరీక్ష వానలు వెనకబట్టగానే, నేల నానివున్నప్పుడు చెయ్యమంటారు. కష్టకాలంలోనేగా ఎవరి సత్తువైనా బయటపడేది!

మిరపకోతల రోజుల్లో తెల్లవారకుండానే ఆటోల్లో కిక్కిరిసి పొలాలకి పోయే ఆడకూలీలని చూడండి. అదే దారిన టిక్కీలు నింపుకుని గుంటూరు యార్డుకి బండ్లు పోతుంటాయి. అడుగున నేల కుంగిపోతుంటే, పైన నల్లచీర కప్పినట్టు కొత్త తారు పూస్తే ఎన్నాళ్ళాగుతుంది? గుంట పడ్డాక పూడ్చటం ఎవరైనా చేస్తారు. ఆ గుంటలో ఆటో పల్టీ కొట్టకముందే కొలవటంలో ఉంది తెలివి.

పెద్ద హైవే మీదకే కాదు, ఆ బరువు లారీ మా పొలాల దారికీ ఓసారి వస్తే బాగుండును.