121 గజాల గడ్డి

మా నాయిన గడ్డి కోసే మిషన్ జూలై రెండో వారంలో విరిగింది. ఫోన్‌లో కబురు చెప్పింది అమ్మ, కొంచెం సంతోషంగానే. "పీడ పోయింది. ఇగ ఆ గడ్డి తీసేసి బండలు పరిపిద్దాం."

వికారాబాద్‌లో మా ఇంటి ముందు లాన్ సరిగ్గా ఒక గుంట, అంటే 121 గజాలు. లాన్ అంటే రిసార్టుల్లో పరిచే కార్పెట్ గడ్డి అనుకోకండి. మామూలు గరికే, వారం వారం కోయడం వల్ల లాన్ అయింది. నాయిన ముప్పై ఏళ్ళు తాండూరులో ఒక నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు రాశాడు. అక్కడ మా కిరాయి ఇంట్లో వాకిలి బండలే, గోడలు బండలే, గిన్నెలు పెట్టే అరలు కూడా బండలే. ఎండాకాలం చీకటి పడ్డాక కూడా వాకిట్లో చెప్పుల్లేకుండా నిలబడలేకపోయేవాళ్ళం. యూనిట్ల నుంచి వచ్చిన రాతి బురద రోడ్డు పక్కన ఎండి, గాలికి లేచి, నాయిన కాలర్ మీద తెల్లగా పేరుకునేది. రిటైరయ్యాక ఇల్లు కట్టుకుంటూ ఆయన అడిగింది ఒక్కటే, ముందు కొంచెం పచ్చగా ఉండాలని. అమ్మ బండల ఊసెత్తినప్పుడల్లా ఒకటే జవాబు: "ముప్పై ఏండ్లు బండలే లెక్కపెట్టిన. ఇగ సాలు."

విరిగినది చేత్తో తోసే రకం, పదహారు అంగుళాలది. మోటారు ఉండదు. చక్రాలు కదిలితే పళ్ళ చక్రాలు మెలితిరిగిన బ్లేడ్లున్న డోలుని తిప్పుతాయి, కింద కదలని ఒక పట్టీ ఉంటుంది, రెంటి మధ్య పడ్డ గడ్డి కత్తెరలో పడ్డట్టే. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఇంగ్లీషాయన దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఉన్ని బట్ట మీది నూగుని సమంగా కత్తిరించే మిల్లు మిషన్ చూసి ఆ ఆలోచన వచ్చిందట. పేటెంట్‌లోనే ఇంకో మాట కూడా రాసుకున్నాడు: పెద్దమనుషులు దీన్ని స్వయంగా తోసుకుంటే కాలక్షేపమూ అవుతుంది, ఒంటికి మంచి వ్యాయామమూ అవుతుందని.

మా ఇంట్లో సమస్య ఆ వ్యాయామమే. మార్చిలో నాయినకి స్టెంట్ వేశారు. డాక్టర్ నడవమన్నాడు, బరువులు తోయొద్దన్నాడు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం నేను హైదరాబాద్ నుంచి వచ్చి గడ్డి కోస్తున్నా. కోస్తున్నా అంటే, నేను తోస్తుంటే ఆయన మెట్ల మీద కూర్చుని వరసలు దిద్దుతాడు. వానాకాలంలో గరికని ఒక్క వారం వదిలేస్తే చాలు, తర్వాత ఈ మిషన్ దాన్ని కోయలేదు, ముందుకు వంచేసి దాని మీద నుంచి వెళ్ళిపోతుంది. అందుకని ఆదివారం ఎగ్గొట్టడానికి లేదు. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. మిషన్ విరిగిందనగానే నాకూ అమ్మలాగే ప్రాణం లేచొచ్చింది. మంచి బ్యాటరీ మిషన్ ఒకటి కొనిస్తే ఎవరో ఒక కుర్రాడు వచ్చి కోసిపోతాడు, నా ఆదివారాలు నాకొస్తాయి.

అలవాటు కొద్దీ ఒక షీట్ తయారుచేశా. వోల్టేజీ, వెడల్పు, బరువు, ఎన్ని నిమిషాలు నడుస్తుంది, ఇలా పదకొండు కాలమ్స్. రివ్యూలు చదివా. ఐదు నక్షత్రాలిచ్చిన వాళ్ళలో సగంమంది మెచ్చుకున్నది డెలివరీని, డబ్బాని. (పుస్తకాలకి రివ్యూలు రాసేవాడిగా నాకిది కొత్తేం కాదు, ముఖచిత్రం చూసి ముగించే వ్యాసాలు నేనూ రాశా.) బ్యాటరీ మిషన్లలో ఎక్కువ భాగం ఫ్యాన్‌లా అడ్డంగా తిరిగే ఒకే బ్లేడుతో పనిచేస్తాయి. అది కత్తిరించదు, వేగంతో కొట్టి తెంపుతుంది. పొడుగు గడ్డినీ వదలదు, నిజమే. రాయి తగిలిందంటే దాన్నీ విసురుతుంది. ఆర్డర్ పెట్టబోతూ నాయినకి ఫోన్ చేశా.

"కొనుడు తర్వాత. ముందుగాల తాండూరుల చూపిద్దాం."

వికారాబాద్‌లో వెల్డింగ్ షాపులు లేక కాదు, ఆయన నమ్మకం తాండూరు లేతు షాపు మీదే. పాలిషింగ్ మిషన్లన్నీ వాళ్ళే బాగుచేస్తారు. మిషన్‌ని డిక్కీలో వేసుకుని నలభై కిలోమీటర్ల పైన వెళ్ళాం. షాపాయన నాయినని గుర్తుపట్టి కుర్చీ తుడిచి వేశాడు. పగిలిన పక్క ప్లేటుని వేళ్ళతో తడిమాడు. "బీడు సార్ ఇది, పోత ఇనుము. నికెల్ రాడ్‌తో అతికిస్త గానీ బేరింగ్ కూసునే కాడనే పగిలింది. నిలవది. ఏం తగిలింది?"

"బండ ముక్క" అన్నాడు నాయిన. దారి వేయించినప్పుడు మిగిలిన ముక్క ఒకటి గడ్డిలో ఉండిపోయింది. అది తగిలించింది నేనే. ఆ సంగతి ఆయన షాపులో చెప్పలేదు.

తిరిగొస్తూ టీ తాగడానికి ఆగాం. నా షీట్ ఆయనకి చూపించా. కళ్ళద్దాలు పెట్టుకుని, లెక్కలు రాసిన మనిషి కదా, ఒక్కో కాలమ్ కింది దాకా చదివాడు.

"ఇండ్ల తోసేటోడెవడో లేదేంది?"

నేనేం మాట్లాడలేదు. ఆయన మళ్ళీ ఆగి, "చేత్తోని తోసేదాంట్ల చిన్న సైజు రాదా?" అన్నాడు.

వస్తుంది. పన్నెండు అంగుళాలది. ఏమాత్రం కోస్తుందిలే అని నేను లిస్టులోనే పెట్టలేదు. అక్కడే ఫోన్ తీసి లెక్కేశా. వరస వరసకీ రెండు అంగుళాలు కలిసేలా తోస్తే, పదహారు అంగుళాల దానితో మన గుంటంతా కోయడానికి నడిచేది సుమారు 285 మీటర్లు. పన్నెండుతో అయితే దాదాపు 400. ఇన్నాళ్ళూ ఏదో కొండ తోస్తున్నట్టు ఫీలయ్యా, అర కిలోమీటరు కూడా లేదు! వెడల్పు తగ్గితే ఒక్కో అడుగులో కోసే గడ్డి పావు వంతు తగ్గుతుంది, మిషనూ తేలిక. అంటే తోయడం తక్కువ, నడక ఎక్కువ.

"నడువుమన్నడు గదా డాక్టర్" అన్నాడు నాయిన.

డాక్టర్‌ని అడిగా. పొద్దున చల్లగా ఉన్నప్పుడు, కొంచెం కొంచెంగా, ఆయాసం వస్తే వెంటనే ఆపేసే మాటైతే సరేనన్నాడు. ఆ చివరి షరతు అమ్మకి రెండుసార్లు చెప్పించా.

మిషన్ వచ్చేసరికి గడ్డి మోకాలి ఎత్తుంది. మొదటి కోత బ్రష్ కట్టర్ మనిషిని పిలిచి చేయించాం. తర్వాత నేను నీళ్ళ పైపు పక్కన పెట్టి, ఒక సాయంత్రమంతా లాన్‌లో వంగి రాళ్ళు ఏరా. పదమూడు దొరికాయి, అందులో ఎనిమిది తాండూరు బండ ముక్కలే. అమ్మ వాటిని తులసికోట చుట్టూ పేర్చుకుంది.

ఆదివారం పొద్దున నాయిన మూడు వరసలు తోసి, మెట్టు మీద కూర్చుని, గడియారం చూసుకున్నాడు. నేను లేచి హ్యాండిల్ పట్టుకోబోయా.

"ఆగు. నువ్ తోస్తే వంకర పోతయ్. జర దమ్ము తీసుకోని నేనే పోత."