సిద్దిపేట బాటపై రెండు బండ్లు

హైదరాబాదునుండి కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారిపై, ఇంచుమించు 100 కిలోమీటర్ల దూరమున సిద్దిపేట యున్నది. పూర్వమిది మెదకు జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11వ తేదీన వేరు జిల్లా యేర్పడగా దానికి ముఖ్యపట్టణమైనది. తలపై కుండ నెత్తుకొన్న గొల్లభామ బొమ్మను మగ్గముపైననే నేయు చీరలవలన ఈ యూరి పేరు సోదరీమణులలో పెక్కండ్రు వినియే యుందురు. బతుకమ్మనాళ్లలో కోమటిచెరువు కట్ట పూలతోను పాటలతోను నిండిపోవును. 2023 అక్టోబరు 3వ తేదీన రైలుకూడ మా యూరికి వచ్చినది. అయినను మా రాకపోకలలో పెక్కుపాలు నేటికిని రహదారిమీదనే సాగుచున్నవి. ఆ రహదారిని మేము రెండు విధములైన బండ్లలో కూర్చుండి చూచితిమి. ఒకే బాట రెండు బాటలుగా తోచినది. ఆ ముచ్చటయే యిచ్చట వ్రాయుచున్నాము.

మా మరిది యేడేండ్లు కూరగాయల వర్తకము చేసెను. వర్గల్, ములుగు మండలముల తోటలలో టొమాటోలు, బీరకాయలు, వంకాయలు నింపుకొని, రహదారి ప్రక్కనున్న వంటిమామిడి అంగడికి చేర్చుటకై అతనియొద్ద నొక సరుకులబండి యుండెడిది. పికప్ అని దానికి పేరు. మా వైపు జనులు ట్రాలీ యందురు. ముందు చిన్న గది, వెనుక పైకప్పులేని తొట్టి. అది పేరునకు మా యింటి బండియేగాని వాడకట్టున కంతకును బండియే. పెండ్లివారి పందిరిగుంజలు, ఇల్లు మారువారి బీరువాలు, రైతుల విత్తనపుసంచులు దానిలోనే పోయెడివి. ఒకనాటి యర్ధరాత్రమున నొప్పులు వచ్చిన పొరుగింటి కోడలిని ముందు ఆసనమున కూర్చుండబెట్టుకొని ఆసుపత్రికి చేర్చినదియు అదియే. తెల్లవారకమునుపే మగబిడ్డ పుట్టెనని వార్త వచ్చినది.

ఎత్తైన బండి యగుటచే అందు కూర్చున్నవారికి దేశమంతయు కనబడును. గట్లకావలి వరినాట్లు, చెరువునీటిలోని కొంగలు, ఇండ్లగోడల వెనుక నెండబెట్టిన మిరపకాయలు సయితము దాగవు. ఎదుట వచ్చు బాటసారి ముఖము మన ముఖమునకు సమముగా నుండును గనుక పలుకరింపకుండ పోవుట కాదు. అయితే దాని నడక మృదువైనది కాదు. వెనుక చక్రములపై నుక్కు కమానుపట్టీలు బరువు మోయుటకై దట్టముగా పేర్చియుందురు. తొట్టి నిండియున్నప్పుడు అవి వంగి బండి నెమ్మదిగా సాగును. తొట్టి వట్టిదైనప్పుడు వంగక ప్రతి గుంటకును ఎగిరిపడును. వానకు తడిసిన బాటపై వట్టిబండి వెనుకభాగము జారుటయు కలదు. కావున బరువున్న దినమున కడుదూరమైనను అలయనివారము, బరువులేని దినమున గజ్వేలు చేరకమునుపే నడుము పట్టుకొనెడివారము.

రెండేండ్లక్రిందట మా మరిది వర్తకము మాని, తుర్కపల్లి దాపున నొక మందుల కర్మాగారమున కొలువు సంపాదించెను. పోవునప్పుడు ఇంచుమించు 60 కిలోమీటర్లు, వచ్చునప్పుడు అంతే. ప్రతిదినము అంత దూరము ట్రాలీలో పోలేనని దాని నమ్మివేసి, ఒకరు వాడి విడిచిన స్పోర్ట్సు కారును కొనితెచ్చెను. ఎఱ్ఱని కారు, రెండు తలుపులు, రెండే యాసనములు. దాని యడుగుభాగమునకును నేలకును నడుమ నెడము ఇంచుమించు 13 సెంటీమీటర్లు మాత్రమే. ట్రాలీ క్రింద జానెడు ఖాళీ యుండెడిది. దానిని చూచుటకు వచ్చిన పిల్లలకు సంతోషమునకు మేరలేదు. మా అత్తగారు మాత్రము మోకాళ్లు పట్టుకొని వంగి లోనికి చూచి, "ఎక్కుమంటివి బిడ్డా, ఇది ఎక్కుడు గాదు, దిగుడు" అనిరి.

ఆ కారులో మేమొకనాడు గౌరారము వరకు పోయితిమి. ఊరు దాటి పొన్నాల గడచి, దుద్దెడ టోలుగేటును దాటునంతలో దాని గుణము తెలిసినది. బరువంతయు నేలకు దగ్గరగా నుండుటచే మలుపులలో నది యొరగదు. కాలు మోపిన తక్షణము ముందునకు లంఘించును; ఆపవలెనన్నను అంత త్వరగానే నిలుచును. ట్రాలీవలె ఎగిరిపడదు గాని, బిగువైన దాని స్ప్రింగులవలన బాటలోని చిన్న గులకరాయియు వెన్నునకు తెలియును. ఇక దేశమందమా, కట్టల రాళ్లును, లారీల చక్రములును తప్ప వేరేమియు కనబడలేదు. చెరువు లుండిన చోట్లను మేము గాలి చల్లదనముచేత గుర్తించితిమి.

స్పీడుబ్రేకర్ల కథ వేరుగా చెప్పవలెను. భారత రహదారి కాంగ్రెసువారి నియమము ప్రకారము దాని యెత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు నుండి, వీపు గుండ్రముగా నుండవలెను. అట్టిదానిని స్పోర్ట్సు కారుకూడ మెల్లగా దాటును. అయితే పల్లెలలో నియమములు చూచి పోసిన దిబ్బలు తక్కువ. ఇరుకై నిటారుగా నున్న దిబ్బ వచ్చినప్పుడు కారును ఏటవాలుగా త్రిప్పి, ఒక్కొక్క చక్రమును ఎక్కించి దింపవలెను. కోతలకాలమున రైతులు బాటయంచున వడ్లో మక్కలో ఆరబోసి, చుట్టును రాళ్లు పేర్తురు. ట్రాలీ వానిని లెక్కపెట్టెడిది కాదు. ఈ కారు రాతిని చూచి, అత్తవారింట క్రొత్తకోడలివలె, ఆగి యొదిగి పోవలసినదే.

వేగము సంగతియు లెక్కవేసి చూచితిమి. 2018వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము నిర్ణయించిన గరిష్ఠ పరిమితి ప్రకారము, నడుమ విభాగమున్న నాలుగు వరుసల రహదారిపై కార్లకు గంటకు 100 కిలోమీటర్లు, సరుకుల బండ్లకు 80. బోర్డుపై నంతకంటె తక్కువ వ్రాసియున్నచో అదియే శాసనము. కావున కారునకు 200 పోవు శక్తి యున్నను ఆ శక్తిలో సగము ఇంటనే పెట్టి రావలెను. 60 కిలోమీటర్లు 80 చొప్పున పోయిన 45 నిమిషములు, 100 చొప్పున పోయిన 36 నిమిషములు. లాభము తొమ్మిది నిమిషములు. మార్గమున ప్రజ్ఞాపూరువంటి కూడళ్లు వచ్చినప్పుడు ఆ తొమ్మిదియు మిగులవు. ఇక నదే బండి 80 నుండి 100కు వేగము హెచ్చించినచో, బ్రేకు పట్టిన పిదప నిలుచుటకు ఇంచుమించు ఒకటిన్నర రెట్లు దూరము కావలయును. పాలడబ్బాతో బాట దాటు ముసలమ్మను తలచుకొన్నచో తొమ్మిది నిమిషముల విలువ యెంతయో బోధపడును.

ఈ మార్పులోని కష్టము మాకు కొమురవెల్లి ప్రయాణమున తెలిసినది. దుద్దెడ వద్ద రాజీవ్ రహదారిని విడిచి చేర్యాల మార్గమున పోయిన కొమురవెల్లి మల్లన్న క్షేత్రము వచ్చును. సంక్రాంతినుండి ఉగాదివరకు ఆదివారముల నచ్చట జాతర. ఒగ్గువారు డోలు వాయించుచు కథ చెప్పుదురు. రంగుల పొడులతో పట్నములు వేయుదురు. స్త్రీలు బోనము లెత్తుదురు. కుండలు, బియ్యము, కట్టెలు, పిల్లలు, ముసలివారు అందఱును ట్రాలీ తొట్టిలో నెక్కిపోవుట ఈ ప్రాంతమున చిరకాలపు టాచారము. ఈ యేడు మా యింట నున్నది రెండాసనముల కారు. "ఎవరు పోదురు?" అను ప్రశ్న మా యింట మొట్టమొదటిసారి పుట్టినది. ఆ మాటకు మా అత్తగారు బదులు చెప్పక, బోనపుకుండను మరల అటుకమీద పెట్టించిరి. అది చూచి మా మరిది యెంతో చిన్నబోయెను.

అయితే తొట్టిలో పోవుటను మేము మెచ్చుకొనజాలము. సరుకుల బండిలో ప్రయాణికుల నెక్కించుట చట్టవిరుద్ధము. పట్టుకొనుటకు కడ్డీయైన లేని తొట్టిలో, బండి యొరిగినచో మొదట నేలపాలగువారు స్త్రీలును పిల్లలును. సరుకుతో పోవు యజమానికి గాని అతని ప్రతినిధికి గాని భీమా రక్షణ కలదు. ఊరక యెక్కినవారి విషయమున నష్టపరిహారము భీమా సంస్థ బాధ్యత కాదని 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఈ సంగతి మన పల్లెసీమల స్త్రీలలో ఎందఱికి తెలియును? స్పోర్ట్సు కారులో ఇద్దఱికే చోటైనను, ఆ యిద్దఱికిని నడుముపట్టీ కలదు, నెత్తిపై కప్పు కలదు.

మరియొక మేలును చెప్పకుండ రాదు. ట్రాలీ యున్న యేడేండ్లలో మా తోడికోడలు దాని చుక్కానిచక్రమును ముట్టనైన ముట్టలేదు. అది మగవారి బండి యని అందఱును అనుకొనెడివారు. ఈ కారు వచ్చిన పిదప ఆమె ఆదివారముల కోమటిచెరువు దిక్కున నేర్చుకొని, లైసెన్సు పొందినది. ఇప్పుడు సెలవుదినములందు చక్రము ఆమె చేతిలోనిదే. అత్తగారిని వైద్యునియొద్దకు కొనిపోవుట కామె యొక యుపాయము కనిపెట్టినది. ఆసనముపై గట్టి పరుపుముక్క వేసి, ముందు కూర్చుండబెట్టి, పిదప రెండు కాళ్లను జంటగా లోనికి త్రిప్పును; దిగునప్పుడు రెండు కాళ్లను ముందు బయటపెట్టించి, చేయి యిచ్చి లేవనెత్తును. మోకాళ్లనొప్పి గలవారికి ఏ కారులోనైన నిది యుపయోగించును.

కొమురవెల్లికి తుదకెట్లు పోయితిమనగా, ఆర్టీసీ బస్సులో. 2023 డిసెంబరు 9వ తేదీనుండి తెలంగాణమున పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు వెల లేదు. అటుకమీది కుండ మరల దిగినది. అత్తగారు, మేము, వాడకట్టు స్త్రీలు నలుగురు బస్సులో పోయితిమి. బోనపు బియ్యమును కట్టెలను ఎఱ్ఱకారు మోసికొని ముందే వచ్చియుండెను. ఎత్తైన కిటికీనుండి మాకు మరల చెరువులు కనబడినవి.

సోదరీమణులారా, ఇంటికి బండి కొనునప్పుడు పురుషులు దాని వేగమును, రంగును, వెలను విచారింతురు. అవియు విచారింపదగినవే. దానితోపాటు మనము మరి కొన్ని ప్రశ్న లడుగవలెను. ఇంట పెద్దవారు దానిలో కూర్చుండి లేవగలరా? పండుగనాడు ఎవరు మిగిలిపోవుదురు? అర్ధరాత్రి పొరుగింటివారు తలుపు తట్టినచో అది పనికివచ్చునా? తాళపుచెవి మన చేతికికూడ వచ్చునా? కొనినపిదప నొచ్చుకొనుటకంటె, కొనకమునుపే యీ నాలుగింటికిని జవాబు చెప్పుకొనుట మేలు.