పిల్లలకోడిలో ఎన్ని చుక్కలు?

చలికాలం రాత్రుళ్ళు పెద్దోళ్ళు చూపించే పిల్లలకోడి చుక్కలు గుర్తున్నాయి కదా? పుస్తకాల్లో వాటినే కృత్తికలు అంటారు. మామూలు కంటికి ఆరో ఏడో కనిపిస్తాయి, టెలిస్కోపుకి వెయ్యి పైనే. ఈ మధ్య మా ఫిజిక్స్ బ్యాచ్ వాళ్ళం దీని గురించి కలిసి చదివాం. ఆ లెక్క దగ్గరే అసలు చిక్కుంది.

చాలా నక్షత్రాలు ఒంటరివి కావు. రెండేసి కలిసి తిరుగుతుంటాయి, ఇంత దూరం నుంచి చూస్తే ఒకే చుక్క. గుంపులోవన్నీ దాదాపు ఒకేసారి పుట్టినవి, దూరం కూడా ఇంచుమించు ఒకటే. అందుకే రంగుకీ వెలుగుకీ గ్రాఫ్ గీస్తే చాలావరకు ఒక వరుసలో పడతాయి. ఒకే రకం నక్షత్రాలు రెండు జంటగా ఉంటే రంగు మారదు, వెలుగు రెట్టింపవుతుంది. అంటే 0.75 మాగ్నిట్యూడ్ తేడా. అవి అసలు వరుసకి కాస్త పైన ఇంకో సన్న వరుసగా కనిపిస్తాయి, పట్టుకోవచ్చు. పెద్దదాని పక్కన బాగా చిన్నది ఉంటేనే కష్టం. దాని వెలుగు పెద్దదాంట్లో కలిసిపోతుంది, లెక్కలోకే రాదు. చిన్న నక్షత్రాలు తక్కువున్నాయని రాసేస్తాం.

మా గూడెంలో ఒక సర్వేలో అన్నదమ్ముల రెండు కాపురాల్ని ఒకే ఇల్లుగా రాసుకుపోయారు. రెండో కాపురానికి ఇల్లు రాలేదు. అందుకే ఈ పాఠం మాకు తొందరగా ఎక్కింది.

బరువు లెక్క ఇంకోవైపు తప్పుతుంది. నక్షత్రాలు ఎంత వేగంగా అటూఇటూ కదులుతున్నాయో చూసి గుంపు బరువు కడతారు. జంటలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే వేగం కూడా అందులో కలిస్తే, గుంపు ఉన్నదానికంటే బరువుగా తేలుతుంది. తలలు తక్కువ, బరువు ఎక్కువ!

అలాగని జంటలు ఎప్పుడూ తలనొప్పే కాదు. హిప్పార్కస్ ఉపగ్రహం పిల్లలకోడి దూరం సుమారు 390 కాంతి సంవత్సరాలు అని చెప్పింది. అదే నిజమైతే నక్షత్రాల వెలుగు గురించిన సిద్ధాంతమే తిరగరాయాలి. ఆ గుంపులోనే అట్లాస్ అనే జంట ఉంది, 291 రోజులకో చుట్టు తిరుగుతుంది. 2004లో ఆ కక్ష్యని కొలిచి, దూరం దాదాపు 440 అని తేల్చారు. తర్వాత గైయా ఉపగ్రహం కొలతలూ అక్కడికే వచ్చాయి.

గైయా డేటా ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. ఆ రెండు వరుసల గ్రాఫ్ మనమే గీద్దాం అనుకుంటున్నాం. పైథాన్ వచ్చిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చెప్పండి, సెలవుల్లో కూర్చుందాం.