మేం రాసింది ఎవరికి చేరింది?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదక మిత్రులు అడిగి రెండు వారాలైంది. హాస్టల్ జ్ఞాపకాలైతే బాగుంటుందన్నారు. నీళ్లచారు గురించీ, స్టడీ అవర్లో పుస్తకం అడ్డం పెట్టుకుని నిద్రపోవడం గురించీ మా సీనియర్లు గత సంచికల్లో మాకంటే బాగా రాశారు. కనుక తొమ్మిదో నంబరు గదిలో ఉన్న రోజుల్లో మేం మొదలుపెట్టి, ఇప్పటికీ పూర్తి చేయలేకపోయిన ఒక పని గురించి రాయదలిచాం. కలం పట్టుకున్నది పీజీ చదువుతున్న ఇరవై మూడేళ్లవాడే అయినా, పని అందరిదీ కాబట్టి ‘మేము’ అనే రాస్తున్నాం.

మేం ఆరుగురం. ఆరుగురి ఇళ్లలోనూ డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు. అంటే ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో, ఎప్పటిలోపు ఇవ్వాలో ఇంట్లో అడిగితే చెప్పేవాళ్లు లేరన్నమాట. అమ్మనడిగితే “మీ సారును అడుగు బిడ్డా” అంటుంది. సారును అడిగితే నోటీసు బోర్డు చూడమంటారు. నోటీసు ఇంగ్లీషులో ఉంటుంది. అందులోనూ సగం కాగితం ఎవరో చింపుకుపోయి ఉంటారు.

మాలో ఆరోవాడిని చిన్నోడు అని పిలిచేవాళ్లం. 2021-22లో రెండో సంవత్సరం స్కాలర్‌షిప్ రెన్యువల్ చేయించుకోవాలి. వాడి ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పదో తరగతి మెమోలో ఒక్క అక్షరమే ఉంది. రెండూ కలవలేదు. సరిచేయించుకోవాలని తెలిసేసరికి పత్తి ఏరే కాలం వచ్చింది, వాడు ఇంటికి పోయాడు. తిరిగొచ్చేసరికి గడువు దాటింది. స్కాలర్‌షిప్ రాలేదు కనుక ఫీజు చేతి నుంచి కట్టమన్నారు. కట్టే దారి లేదు. ఇంటర్ మెమో, టీసీ కాలేజీలోనే ఉండిపోయాయి. వాడు ట్రంకు పెట్టె ఎత్తుకుని పోయింది ఒక ఆదివారం. చికెన్ పెట్టే రోజు కదా, తిని పోరా అంటే బస్సు దొరకదన్నాడు.

మాలో ఇద్దరికి ఆ గడువు ముందే తెలుసు. మా రెన్యువల్ మేం చేయించుకున్నాం. వాడికి ఇంకొకరు చెప్పే ఉంటారని ఒకరి మీద ఒకరం అనుకున్నాం. ఒకే గదిలో, పక్క పక్క మంచాల మీద పడుకునేవాళ్లం.

ఆ బాధతోనే 2022 జూన్‌లో గూగుల్ వారి బ్లాగర్‌లో ఒక బ్లాగు తెరిచాం. దానికి డబ్బు కట్టనక్కర్లేదు. ఫ్రెష్ అంటే ఏమిటి, రెన్యువల్ అంటే ఏమిటి. ఆదాయ ధ్రువపత్రానికి మీసేవకు ఏమేం పట్టుకుపోవాలి. ఆధార్‌లో పేరూ మెమోలో పేరూ కలవకపోతే ముందు ఏది మార్చుకోవాలి. కాలేజీలో ఇచ్చిన కాగితాలకు జిరాక్సు ఎందుకు ఉంచుకోవాలి. ఇలాంటివన్నీ మా ఊళ్లో మాట్లాడుకునే తెలుగులో, ఫోన్లలోనే టైపు చేసి రెండు నెలల్లో తొమ్మిది ముక్కలు రాశాం. ఇక జిల్లా అంతా చదువుతుందనుకున్నాం.

ఎవరూ చదవలేదు.

పాఠకులు పెరగాలంటే షేర్ బటన్లు పెట్టాలని యూట్యూబులో చూశాం. ఉచితంగా బటన్లు ఇచ్చే సర్వీసులు ఉంటాయి. వాళ్లిచ్చిన కోడ్‌ను కాపీ చేసి బ్లాగర్‌లో హెచ్‌టీఎంఎల్ గాడ్జెట్ అనే పెట్టెలో అతికిస్తే ప్రతి ముక్క కిందా రంగురంగుల బటన్లు వరుసగా వస్తాయి. మేం పదకొండు పెట్టాం. ఫేస్‌బుక్, ట్విట్టర్ సరే. పింటరెస్ట్, టంబ్లర్, రెడిట్ కూడా పెట్టాం. ఆదాయ ధ్రువపత్రం గురించి రాసింది పింటరెస్ట్‌లో ఎవరు దాచుకుంటారో మేం ఆలోచించలేదు. వాటితో ఊరుకున్నామా, గడియారం, కదిలే అక్షరాలు, వచ్చినవాళ్లను లెక్కపెట్టే మీటరు కూడా తగిలించాం. ఒక రోజు మీటరు 64 చూపించింది. ఆ రాత్రి గదిలో మిరపకాయ బజ్జీలు తెప్పించుకున్నాం. సొంత చూపులు లెక్కలోకి రాకుండా చేసుకునే వీలు బ్లాగర్‌లో ఉందని తర్వాత తెలిసింది. అది పెట్టుకున్న మర్నాడు 9 చూపించింది. బజ్జీల ఖర్చు దండగ.

ఇంకో చిక్కు కూడా వచ్చింది. ఆ బటన్లు, గడియారం, మీటరు ఒక్కొక్కటీ ఒక్కొక్క చోటి నుంచి వచ్చి పేజీలో కూర్చోవాలి. మాలో ఒకరి చెల్లెలు ఊళ్లో పాత ఫోనులో తెరిస్తే ముందు తెల్లగా ఉండిపోయి, తర్వాత గడియారం వచ్చి, చివరికెప్పుడో అక్షరాలు వచ్చాయట. “అన్నా, టైము కనబడుతుంది, నువ్వు రాసింది కనబడుతలేదు” అంది.

ఈ బటన్ల పుట్టుపూర్వోత్తరాలు ఆ తర్వాత చదివాం. ఫేస్‌బుక్ వారి లైక్ బటన్ బయటి వెబ్‌సైట్లకు వచ్చింది 2010 ఏప్రిల్‌లో, ట్విట్టర్ బటన్ ఆ ఏడాది ఆగస్టులో. అంతకుముందు 2000ల్లో తెలుగులో బ్లాగులు రాసినవాళ్లకు పాఠకులు ఎక్కువగా ‘కూడలి’ వంటి చోట్ల నుంచి వచ్చేవారట. కొత్తగా ఎవరేం రాసినా అక్కడ ఒకే పేజీలో కనబడేది. మన ఊరి రచ్చబండ లాంటిదనుకోండి. బటన్ల కథ వేరు. బ్రిటన్ ప్రభుత్వం తన వెబ్‌సైటులో షేర్ బటన్లు పెట్టి 2014లో లెక్క చూసుకుంటే, వెయ్యిసార్లు పేజీ తెరిస్తే వాటిని నొక్కింది సుమారు రెండుసార్లేనట. అంత పెద్ద ప్రభుత్వానికే రెండు వస్తే తొమ్మిదో నంబరు గదికి ఎన్ని రావాలి?

మా రాత ప్రయాణం చేస్తోందని చెప్పింది మీటరు కాదు, మా కామాటి అక్క. 2022 నవంబరులో ఒక సాయంత్రం ఫోను పట్టుకొచ్చి, “బిడ్డా, గిది నిజమేనా? మా బిడ్డకు పేరు తప్పు పడ్డది, గిట్ల చెయ్యాల్నట” అని చూపించింది. చూస్తే మా రాతే. కానీ లింకు కాదు, ఫొటో. వంకరగా తీసిన ఫొటో, మూలన ఎవరిదో బొటనవేలు కూడా పడింది.

ఎక్కడినుంచి వచ్చిందో వెతుక్కుంటూ పోయాం. అక్క బిడ్డకు పంపింది ఆమె క్లాసు అమ్మాయి. ఆ అమ్మాయి ఫొటో తీసుకున్నది బస్టాండు దగ్గర జిరాక్సు షాపు అద్దం మీద. అద్దం మీద అతికించింది షాపాయన. ఆయనకు అది ఎవరో ప్రింటు తీయమని ఇచ్చిన పెన్‌డ్రైవులో దొరికింది. ఎందుకు అతికించావన్నా అని అడిగితే, “రోజుకు ఇరవై మంది గదే అడుగుతరు, చెప్పి చెప్పి నోరు పోతుంది” అన్నాడు. ఇంత దూరం నడిచిన రాతకు దారిలో ఎవరూ మా పదకొండు బటన్లలో ఒక్కటి నొక్కిన పాపాన పోలేదు.

ఇలా ఎవరి లెక్కకూ అందకుండా మనిషి నుంచి మనిషికి పోయే పంపకాలకు అలెక్సిస్ మాడ్రిగల్ అనే అమెరికా పాత్రికేయుడు 2012లో ‘ది అట్లాంటిక్’ పత్రికలో ‘డార్క్ సోషల్’ అని పేరు పెట్టాడు. లెక్క చూసేవాళ్లకే అది చీకటి. షాపాయనకు ఏం చీకటి? పట్టపగలు బస్టాండులో అందరి ముందే జరిగింది.

ఆ ఆదివారం అందరం కూర్చుని బ్లాగు శుభ్రం చేశాం. గడియారం, మీటరు తీసేశాం. ముక్క పైన వాట్సాప్ బటన్ ఒక్కటే మేమే చేసి పెట్టుకున్నాం. అది బొమ్మ తగిలించిన మామూలు లింకు, బయటి నుంచి ఏమీ తెచ్చుకోదు. కింద ఉన్న పదకొండింటినీ మాత్రం తీయబుద్ధి కాక వదిలేశాం. అంత కష్టపడి పెట్టుకున్నవి మరి.

లింకులు కూడా మార్చాం. తెలుగులో శీర్షిక పెడితే బ్లాగర్ లింకులో ‘బ్లాగ్-పోస్ట్’ అనీ పక్కన ఒక అంకె అనీ మాత్రమే వేసేది. తొమ్మిది ముక్కలకూ ఇంచుమించు ఒకే పేరు. ప్రచురించే ముందే లింకు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో మనమే ఇచ్చుకోవచ్చని అప్పుడు తెలిసింది. ఇక బొమ్మ సంగతి. వాట్సాప్‌లో లింకు పంపితే పక్కన చిన్న బొమ్మ వస్తుంది కదా, అది పేజీలో ఉన్న బొమ్మే. మేం అందానికని ప్రతి ముక్కకూ గులాబీ పువ్వు పెట్టాం. దాంతో మా స్కాలర్‌షిప్ సమాచారం చూడటానికి అచ్చం గుడ్ మార్నింగ్ మెసేజ్‌లా ఉండి, అందరూ దాటేసుకుంటూ పోయారు. పువ్వు తీసి, పసుపు కాగితం మీద స్కెచ్చు పెన్నుతో విషయం రాసి ఫొటో తీసి పెట్టాం. జిరాక్సు షాపుల కోసం ఒక్కో ముక్కనూ ఒకే పేజీలో పట్టేలా వేరుగా తయారు చేశాం. నాలుగు షాపులకు మేమే తీసుకెళ్లి ఇచ్చాం.

చదువురాని అమ్మానాన్నల కోసం మాలో గొంతు బాగున్నవాడు ఊరి మాటల్లో చెప్పి వాయిస్ రికార్డు చేశాడు. నిమిషం పది సెకన్లు. దాన్ని వాడి అమ్మ నాట్లేసే కాడ ఫోను గట్టు మీద పెట్టి కూలీలందరికీ వినిపించిందట. అది ఎంతమంది విన్నారో ఏ మీటరూ చెప్పదు. ఆ వారంలో ఆ ఊరి నుంచే మాకు ఏడు ఫోన్లు వచ్చాయి.

ఆ బటన్లిచ్చే సర్వీసుల్లో పేరున్న ‘ఆడ్‌దిస్’ను ఒరాకిల్ కంపెనీ 2023 మే 31న మూసేసింది. మా పేజీ కింద వరుస కూడా ఆ రోజుల్లోనే మాయమైంది. మాకు తెలిసింది రెండు వారాల తర్వాత. ఎవరూ ఫిర్యాదు చేయలేదు, మేం కూడా వెతకలేదు.

ఒక తప్పు మాత్రం ఇప్పటికీ మనసులో ఉంది. 2022లో చేసిన వాయిస్‌లో “ఈ నెలాఖరే ఆఖరు తేదీ” అని చెప్పాం. ఏ నెలో, ఏ సంవత్సరమో చెప్పలేదు. మరుసటి ఏడాది అదే వాయిస్ మళ్లీ తిరగడం మొదలైంది. వాట్సాప్‌లో చాలా చేతులు మారిన మెసేజ్‌కు రెండు బాణాల గుర్తు పడుతుంది. 2020 ఏప్రిల్ నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక్కరికే పంపగలం. అయినా అది ఆగలేదు. ఒక్కొక్కరికే పంపుతూ పోయారు, మంచి మాట కదా అని. ఒక తండ్రి అది విని పత్తి చేనులో కూలి మానుకుని, బస్సెక్కి పట్నం వచ్చి మీసేవలో నిలబడ్డాడు. గడువు ఇంకా చాలా ఉందన్నారు అక్కడ. మా నంబరు పట్టుకుని ఫోన్ చేశాడు. తిట్టలేదు. “నువ్వు నెలాఖరు అంటివి గద బిడ్డా” అని మాత్రం అన్నాడు. ఆయన ఒకనాటి కూలి మా వల్ల పోయింది. తిరిగి ఇస్తామంటే వద్దన్నాడు.

చాలా చేతులు మారిపోయినదాన్ని వెనక్కి తెచ్చుకునే బటన్ మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఇప్పుడు ప్రతి కాగితం మీదా, ప్రతి వాయిస్‌లోనూ మొదటి మాటే తేదీ, నెల, సంవత్సరం.

చిన్నోడి గురించి చెప్పలేదు కదూ. హైదరాబాద్‌లో టైల్స్ పనికి కుదిరాడు. వాడికి మేం ఒక్క లింకు కూడా పంపలేదు. ఏ ముఖం పెట్టుకుని పంపాలి? పోయిన సంక్రాంతికి వాడే ఫోన్ చేశాడు. పనికాడి గ్రూపులో ఎవరో పంపిన వాయిస్ విన్నాడట. “ఆ గొంతు మనోనిది గాదురా?” అన్నాడు. ఔనన్నాం. చెల్లె ఇంటర్‌లో ఉందనీ, దాన్ని చెల్లెకు పంపాననీ చెప్పాడు. కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

తర్వాత వాడే అడిగాడు. “అవన్నీ రాసిన్రు గని, కాలేజీల ఉండిపోయిన మెమో ఎట్ల తెచ్చుకోవాల్నో రాసిన్రా? అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీల చేరుదామంటే సర్టిఫికెట్లు అడుగుతున్రు.”

రాయలేదు. నాలుగేళ్లలో అది మాకు తట్టనేలేదు.

ఇప్పుడు రాస్తున్నాం, మూడుసార్లు దిద్దాం. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు తమ దగ్గర ఉంచుకోరాదని యూజీసీ 2018 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చిందన్నది దొరికింది. కానీ ఆ మాట పట్టుకుని ఎవరి దగ్గరకు పోవాలి, అర్జీలో ఏం రాయాలి, ఫీజు బాకీ ఉంది కదా అంటే ఏమని జవాబు చెప్పాలి అన్నది అనుభవం ఉన్నవాళ్లు చెబితే తప్ప మాకు తెలిసేలా లేదు. మన పూర్వ విద్యార్థుల్లో ఎవరైనా ఇలా సర్టిఫికెట్లు తెచ్చుకున్నవారుంటే, వార్షికోత్సవం రోజున వార్డెన్ సారు గదిలో పెట్టే రిజిస్టరులో దయచేసి మీ పేరు, ఫోన్ నంబరు రాసి పోండి. మేం ఐదుగురం ఆ రోజు భోజనాల వరకూ అక్కడే ఉంటాం. చిన్నోడు కూడా సెలవు దొరికితే వస్తానన్నాడు.