బుడ్డోడి ఇసుక

పక్కింటి మేడకి స్లాబు పడిన రోజే మా బుడ్డోడికి కష్టాలు మొదలయ్యాయి. అప్పటిదాకా వాళ్ల గేటు ముందు ట్రాక్టర్ లోడు ఇసుక ఉండేది. తెల్లారేసరికి వాడు గోడ దూకి పోయి, ఒక మూల గుంత తవ్వుకుని, పని కానిచ్చి, మళ్లీ శ్రద్ధగా పూడ్చి వచ్చేవాడు. ఆ ఇసుకతోనే ప్లాస్టరింగ్ చేసిన మేస్త్రీకి ఈ సంగతి తెలుసో లేదో నేనైతే అడగలేదు. స్లాబు పడింది, ఇసుక అయిపోయింది. మర్నాడు పొద్దున వాడు గోడ మీద నిలబడి ఖాళీ రోడ్డుని కాసేపు చూసి, వెనక్కి తిరిగి, నాన్న విత్తనానికి దాచిన బుడ్డల మూటల మధ్యకి పోయాడు.

మాది కర్నూలు, కల్లూరు వైపు. మా దగ్గర వేరుశనక్కాయల్ని బుడ్డలు అంటాం. కడపలో మా పిన్ని వాళ్లు శెనక్కాయలు అంటారు. రెండేళ్ల కిందట ఆ మూటల వెనకాలే, తల్లి వదిలేసిపోతే, కళ్లు కూడా సరిగ్గా తెరవకుండా దొరికాడు కాబట్టి వీడు బుడ్డోడు అయ్యాడు.

మామూలు రోజుల్లో అయితే అమ్మ రెండు తిట్లు తిట్టి ఊరుకునేది. కానీ ఇంకో రెండు వారాల్లో అక్క పురిటికి వస్తోంది. అవ్వ తీర్పు చెప్పేసింది.

"కడుపుతో ఉండే పిల్ల తిరిగే ఇంట్లో పిల్లి ఉచ్చ ఏందిరా నాయనా? గోతంలో ఏసుకొని పోయి తుంగభద్ర బ్రిడ్జి అవతల ఇడిసిపెట్టి రాపో."

బ్రిడ్జి అవతల అంటే తెలంగాణ. అంటే వాడికి రాష్ట్ర బహిష్కరణ అన్నమాట. అవ్వది కోపం కాదు, మా వైపు పిల్లి సమస్యకి అందరూ చేసేది ఇదే. నేను గొడవపెట్టుకుంటే అమ్మ పది రోజులు గడువిచ్చింది. "ఆ లోపల ఇంట్లో వాసన లేకుండా చేస్తివా సరే. లేదంటే ఆదివారం పొద్దున వాడు బ్రిడ్జి దాటాల్సిందే."

మొదట సులువైన దారే పట్టా. మేస్త్రీని అడుక్కుని రెండు బకెట్లు మిగులు ఇసుక తెచ్చి, పాత ప్లాస్టిక్ ట్రేలో పోశా. వాడు సంతోషంగా వాడాడు. మూడో రోజుకి అడుగున బురద. పైన చూస్తే పొడిగా ఉంటుంది, కదిపితే ముక్కు మూసుకోవాలి. ఇసుక తడిని పీల్చుకోదు, కిందికి దింపేస్తుందంతే. మొత్తం పారబోసి ట్రే కడగాలి. మే నెలలో, రోజు మార్చి రోజు కొళాయి వచ్చే వీధిలో, పిల్లి ట్రే కడగడానికి నీళ్లంటే అమ్మ చూసిన చూపు నేను మర్చిపోలేను.

తర్వాత నూనె మిల్లు నుంచి బుడ్డల పొట్టు తెచ్చా. కోళ్ల ఫారాల్లో కింద పరుస్తారు కదా, పైగా ఫ్రీ. బుడ్డోడు వాసన చూశాడు, మూడు చుట్లు తిరిగాడు, అందులో ముడుచుకుని పడుకున్నాడు. గంటన్నర నిద్రపోయి లేచి, ట్రే పక్కన నేల మీద పోశాడు. తప్పు వాడిది కాదు. పిల్లి పాదానికి సన్నగా, మెత్తగా, తవ్వితే తొలిగేలా ఉండాలి. పొట్టు గరుగ్గా ఉంటుంది, తవ్వడానికి లొంగదు. చెమ్మ తగిలితే బూజు కూడా పడుతుంది. వరి ఊకదీ ఇంచుమించు అదే కథ. సామిల్లు నుంచి తెచ్చిన రంపపు పొట్టు రెండు రోజులు పనిచేసింది. తడి బాగా పీల్చింది, కానీ వాడి కాళ్లకి అంటుకుని ఇల్లంతా తిరిగింది. వాడికి తుమ్ములు, అవ్వకి దగ్గు.

ఆరో రోజు తెగించి షాపుకెళ్లా. "లావెండర్ ఉంది, వాసనే రాదు" అన్నాడు. అయిదు కిలోల బస్తా, నా వారం పాకెట్ మనీ. ఇంటికొచ్చి ట్రే మొత్తం ఖాళీ చేసి కొత్తది నింపా. ఇల్లంతా అగరొత్తుల కొట్టులా ఘుమఘుమలు. అమ్మ కూడా పర్లేదంది. బుడ్డోడు మాత్రం ఒక కాలు పెట్టి, వేణ్నీళ్లలో పెట్టినట్టు విదిలించి, వెళ్లిపోయాడు.

ఆ రాత్రి వాడు ఎక్కడికెళ్లాడో తెల్లారాక తెలిసింది. పుట్టబోయే బిడ్డ కోసం అవ్వ పాత నేత చీరలతో నెల రోజులుగా బొంత కుడుతోంది. సరిగ్గా దాని నడిమధ్యన.

అవ్వ ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. బొంతని తీసుకెళ్లి దండెం మీద వేసి, వచ్చి కూర్చుంది. అమ్మ గోతం వెతకడం మొదలుపెట్టింది.

నేను వాడిని బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టర్ మేడమ్ దగ్గరికి పరిగెత్తా. బర్రెలూ మేకల మధ్యలో లైన్లో నిలబడి, లిట్టర్ గురించి అడగడానికి సిగ్గేసింది. ఆమె మాత్రం నవ్వలేదు. మొదట వాడి పొట్ట నొక్కి చూసింది. "మాటిమాటికీ కూర్చుంటున్నాడా? చుక్క చుక్క పోస్తున్నాడా? అరుస్తున్నాడా?" లేదన్నాను. అప్పుడు చెప్పింది, మగ పిల్లులకి మూత్రం దారి సన్నగా ఉంటుందట, మూసుకుపోతే ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుందట. బయట పోస్తోందంటే పొగరు అనుకుని కొట్టేవాళ్లే ఎక్కువ, ముందు రోగమేమో చూసుకోవాలి అంది. మీ ఇంట్లో మగపిల్లి ఉంటే ఈ ఒక్క పేరా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

"రోగం లేదు బాబూ. నువ్వు వాడి బాత్రూంలో సెంటు బుడ్డి పగలగొట్టావు, అంతే."

మన ముక్కుకి హాయిగా ఉన్న వాసన వాడి ముక్కుకి ఘాటు. పైగా రాత్రికి రాత్రి మొత్తం మార్చేశా. మార్చేటప్పుడు పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెంగా కలుపుతూ వారం పది రోజులు తీసుకోవాలట. ట్రే కూడా చిన్నదంది. పిల్లి పొడవుకి ఒకటిన్నర రెట్లు ఉండాలి, అన్నం గిన్నెకి దూరంగా ఉండాలి. రెండు పిల్లులుంటే మూడు ట్రేలు.

షాపు ట్రేలు నా బడ్జెట్‌లో లేవు. మళ్లీ మేస్త్రీ దగ్గరికే పోయా. మాలు కలిపే పెద్ద ప్లాస్టిక్ టబ్బు ఒకటి ఇచ్చాడు. అడుగున వాడికి అలవాటైన ఇసుక, పైన వాసన కలపని మామూలు బెంటోనైట్, మొత్తం మూడంగుళాలు. రోజూ ఇసుక ఒక దోసెడు తగ్గిస్తూ, బెంటోనైట్ ఒక దోసెడు పెంచుతూ పోయా. మొదటి రాత్రి నేను నిద్రపోలేదు. మూడింటికి గరగరమని తవ్వుతున్న చప్పుడు వినిపించింది. పరీక్ష రిజల్ట్ కోసం కూడా నేనంత ఎదురుచూడలేదు.

ఈ బెంటోనైట్ ఎక్కడిదా అని వెతికితే, మన దేశంలో ఎక్కువగా గుజరాత్ కచ్ నేలల్లోంచి వస్తుంది. ఒకప్పటి అగ్నిపర్వతాల బూడిద నుంచి ఏర్పడిన బంకమట్టి. తడి తగిలితే ఉబ్బి ముద్ద కడుతుంది. ఆ ముద్దని జల్లిగరిటెతో ఎత్తేస్తే మిగతాదంతా పొడిగానే ఉంటుంది, నీళ్లతో రోజూ పని లేదు. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో ఇదే మట్టి వేస్తారు, బరువు కోసం ముగ్గురాయి పొడి కలుపుతారు. ముగ్గురాయి అంటే మన కడప వాళ్లకి చెప్పక్కర్లేదు, మంగంపేట గనులు ప్రపంచానికే పేరు. నా పిల్లి టబ్బులోని మట్టికి మంగంపేట రాయి ఇలా దూరపు చుట్టం అయింది.

అసలు ఈ లిట్టర్ వ్యాపారం పుట్టిందే ఇసుక దొరక్క. 1947లో అమెరికాలోని మిషిగన్‌లో చలికి ఇసుక కుప్ప గడ్డకట్టుకుపోతే, ఒకావిడ పిల్లి కోసం బూడిద వాడింది. ఇల్లంతా నల్లటి పాదాల గుర్తులు. ఇసుక ఉందా అని ఎడ్ లో అనే కుర్రాడిని అడిగితే, ఫ్యాక్టరీల్లో ఒలికిన నూనె పీల్చడానికి అమ్మే మట్టి గుళికలు ఇచ్చాడు. ఆవిడ మళ్లీ అదే కావాలని వచ్చింది. అతను సంచుల్లో నింపి, మీద కిట్టీ లిట్టర్ అని రాసి, 65 సెంట్లకి అమ్మబోతే షాపువాడు నవ్వాడట, ఇసుక ఊరికే దొరుకుతుంటే ఎవరు కొంటారని. అక్కడ మంచు, ఇక్కడ స్లాబు.

ఇంతలో అక్క వచ్చింది. భయపడుతుందనుకున్నా, కానీ తను హైదరాబాద్‌లో డాక్టర్‌ని అడిగే వచ్చింది. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండొచ్చు, గర్భంలో బిడ్డకి అది ప్రమాదం. కానీ బయటపడిన వెంటనే అది అంటదు, కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి రోజూ ఎత్తేయాలి, ఆ పని అక్క కాకుండా ఇంకెవరైనా చేయాలి. పచ్చి మాంసం వాడికి పెట్టకూడదు. సరిగ్గా ఉడకని మాంసం, కడగని కూరగాయల నుంచి కూడా అది మనకి వస్తుందని అక్క చెప్పేసరికి, అవ్వ నాటుకోడి కూర ఇంకో అరగంట ఉడికించింది.

అలా నాకు డ్యూటీ పడింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ముద్దల్ని పాత పేపర్లో చుట్టి చెత్తబండికి వేస్తా. ఒకే ఒక్కసారి బద్ధకించి టాయిలెట్‌లో వేశా. ఉబ్బే మట్టి పైపులో ఏం చేస్తుందో ప్లంబర్ కూలీ ఇచ్చాక బాగా అర్థమైంది. మూడు వారాలకోసారి మొత్తం మార్చి, టబ్బుని సబ్బుతో కడిగి ఎండలో పెడతా. ఫినాయిల్ మాత్రం ముట్టను, అది పిల్లులకి విషం.

నా పేరు కడప దాకా పాకింది. పిన్ని కొడుకు ఫోన్ చేశాడు, వాడి రెండు కుందేళ్లు తుమ్ముతున్నాయని. ఫర్నిచర్ షాపు నుంచి తెచ్చిన ప్లైవుడ్ పొట్టు వేసి, వారానికోసారి మారుస్తున్నాడు. ఆ పొట్టులో జిగురూ ఉంటుంది, దుమ్మూ ఉంటుంది. వారం నిలవున్న ఉచ్చ ఘాటు ముక్కులు మండిస్తుంది. పొట్టు తీసేసి న్యూస్‌పేపర్ ముక్కల మీద ఎండు గడ్డి పరిచి, తడిసిన మూల రోజూ మార్చమన్నా. కుందేళ్లు నమిలేస్తాయి కాబట్టి ముద్దకట్టే మట్టి అసలు వద్దన్నా. డాక్టర్‌కి చూపించమని కూడా చెప్పా, తుమ్ములకి ఇంకో కారణం ఉండొచ్చు కదా.

ఉతికినా ఆ బొంతని బిడ్డకి వాడనంది అవ్వ. ఇంకోటి మొదలుపెట్టి, పురుడయ్యే వేళకి పూర్తిచేసింది. పాతది ఇప్పుడు మెట్ల కింద బుడ్డోడి పరుపు. కోడలు పుట్టి నెలయింది. అది ఏడుస్తుంటే వాడు గది గుమ్మం దగ్గర చెవులు రిక్కించి కూర్చుంటాడు. లోపలికి పోనివ్వం.

మొన్న క్రికెట్ ఆడి చీకటి పడ్డాక ఇంటికొస్తే, గేటు తీయకముందే అవ్వ కేక.

"యాడికి పోయింటివిరా? వాడు టబ్బు చుట్టూ తిరగబట్టి గంటయింది. ఇసుక ఎత్తుపో."