ఎడమ చేతి హార్మోనియం

అమ్మకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట రెండూ ఒకే రోజు పోయాయి. కాలు నాలుగు నెలల్లో కొంత కోలుకుంది. చెయ్యి రాలేదు. మాటల్లో రెండే మిగిలాయి. ఒకటి "కాదు". రెండోది మా చెల్లెలి పేరు. నన్నూ ఆ పేరుతోనే పిలుస్తుంది, పాలబ్బాయినీ ఆ పేరుతోనే పిలుస్తుంది.

రాగం మాత్రం పోలేదు. స్నానం చేయిస్తుంటే కూనిరాగం తీసేది. అందులో మాటలుండవు, కానీ మోహన ఎక్కడా తప్పేది కాదు. మాట నేర్పించడానికి వారానికి రెండుసార్లు వచ్చే అమ్మాయి చెప్పింది, మాట చాలామందికి మెదడులో ఎడమవైపు ఉంటుందనీ, పాటకి కుడివైపు కూడా సాయం చేస్తుందనీ, అందుకే ఇలా అవుతుందనీ. ఇంట్లో ఏదైనా వాద్యం ఉంటే ముందు పెట్టి చూడమంది. ఉన్నది ఒకటే. మా అబ్బాయి ఇంటర్లో మోజుపడి కొనిపించుకుని, ఇంజనీరింగ్‌కి వెళ్తూ మంచం కింద వదిలేసిన యమహా కీబోర్డు. 61 మెట్లది.

అమ్మది హార్మోనియం చెయ్యి. తాతయ్య తెనాలి చుట్టుపక్కల పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు. కొడుకులెవరికీ అబ్బకపోతే, పక్కన కూర్చుని చూసే అమ్మకే నేర్పాడు. 1965లో పెళ్ళయి కాపురానికి వస్తూ అమ్మ ఆ పెట్టె కూడా తెచ్చుకుంది. నాయనమ్మ దాన్ని చూసి "కోడల్ని తెచ్చుకున్నామా, నాటకాలదాన్ని తెచ్చుకున్నామా" అందట. అప్పటికి ఆలిండియా రేడియో కూడా హార్మోనియాన్ని గడప తొక్కనిచ్చేది కాదు. 1940లో పెట్టిన ఆ నిషేధం 1971 దాకా నడిచింది. దాని స్వరాలు బిగుసుకుని ఉంటాయి, గమకం పలకదు అని పెద్దల అభ్యంతరం. అమ్మకి ఆ గొడవలు తెలియవు. మగవాళ్ళు బయటికెళ్ళాక మధ్యాహ్నం తలుపు వేసుకుని, చప్పుడు వీధిలోకి పోకుండా తిత్తి సగమే ఆడిస్తూ వాయించుకునేది. నాకు పదేళ్ళప్పుడు ఆ పెట్టె రామాలయం భజన సమాజానికి వెళ్ళిపోయింది. ఇచ్చింది నాన్న. అమ్మనడిగి ఇచ్చినట్టు నాకు గుర్తులేదు.

హార్మోనియంలో కుడి చెయ్యి వాయిస్తుంటే ఎడమ చెయ్యి గాలి కొట్టాలి. ఏ చెయ్యి పడిపోయినా పెట్టె మూగదైపోతుంది. కీబోర్డుకి గాలి అక్కర్లేదు. అన్నేళ్ళు తిత్తి ఆడించిన చేతిని అమ్మ మొదటిసారి మెట్ల మీద పెట్టింది.

పెట్టగానే తబలా మోగింది. దాని వెనకే గిటారు. అమ్మ ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది.

తప్పు నాదే, తెలియక ఏదో బటన్ నొక్కి ఉంచాను. ఈ రకం కీబోర్డుల్ని అరేంజర్లంటారు. అకంపనిమెంట్ ఆన్ చేస్తే మెట్ల వరసని ఒకచోట రెండుగా విడదీస్తాయి. ఆ హద్దుకి ఎడమవైపు ఏం నొక్కినా దాన్ని పాటగా తీసుకోవు. తోడు వాయించమన్న సైగగా తీసుకుని, తాళాన్నీ కార్డుల్నీ తామే నడిపించేస్తాయి. పాట కుడి చేతిది, తోడు ఎడమ చేతిది అని లోపల ముందే రాసిపెట్టి ఉంది. ఉన్న పాటంతా ఎడమ చేతిలోనే ఉన్న మనిషి ఒకతె వచ్చి కూర్చుంటుందని ఆ రాసినవాళ్ళు అనుకుని ఉండరు. అమ్మ "కాదు" అంది. ఆ రోజు ఆ మాట సరిగ్గా సరిపోయింది. అకంపనిమెంట్ తీసేశాను. మెట్లన్నీ అమ్మవయ్యాయి.

ఇక గొంతు వెతకాలి. ఈ యంత్రంలో ఒక్కో వాద్యం ధ్వనిని 'వాయిస్' అంటారు. నెంబరు నొక్కాలి, లేదా డయల్ తిప్పాలి. వందల్లో ఉన్నాయి. వాటి వరస చూస్తుంటే నాలో పాఠాలు చెప్పే మనిషి లేచింది. 1983లో వచ్చిన 'మిడి' వేర్వేరు కంపెనీల కీబోర్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏర్పాటు. 1991లో ఏ నెంబరుకి ఏ వాద్యం అన్నది కూడా ఖాయం చేసి 128 పేర్ల జాబితా పెట్టారు. ఒకటి పియానో. 128 తుపాకీ పేలుడు. హెలికాప్టర్ ఉంది, టెలిఫోన్ మోత ఉంది, చప్పట్లున్నాయి. వీణ లేదు. హార్మోనియం ఆ పేరుతో లేదు, రీడ్ ఆర్గన్ అనే చుట్టం ఉంది. సితారు, షెహనాయి, జపాన్ కోటో, ఆఫ్రికా కలింబా, బ్యాగ్‌పైపు... ఇలా ఎనిమిదింటిని కలిపి 'ఎథ్నిక్' అనే ఒక గదిలో కూర్చోబెట్టారు. తమాషా ఏమిటంటే 41వ నెంబరు వయొలిన్ తీగవాద్యాల గదిలో ఉంటే, 111వ నెంబరు ఫిడేలు ఎథ్నిక్ గదిలో ఉంది. వాద్యం ఒకటే, పట్టుకున్న చెయ్యి వేరు. (మన ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని ఏ గదిలో కూర్చోబెడతారో!) సాహిత్య చరిత్రల్లో చివర 'రచయిత్రులు' అన్న అధ్యాయం చదివి పరీక్షలు రాసి, తర్వాత పాతికేళ్ళు అదే అధ్యాయాన్ని పాఠంగా చెప్పినదాన్ని. ఆ గది నాకు కొత్తది కాదు.

మా అబ్బాయి కీబోర్డు మన దేశంలో అమ్మడానికే చేసిన మోడల్. అందులో హార్మోనియం పెట్టారు. దొరికింది, కానీ మరీ నున్నగా ఉంది. అమ్మ మొహం చూస్తేనే తెలిసింది. నిజం హార్మోనియంలో మెట్టు నొక్కితే ఒకటికి మించి రీడ్లు కలిసి పలుకుతాయి. స్థాయిని బట్టి వాటికి బాస్, మేల్, ఫిమేల్ అని పేర్లు. రెండు వరసల పెట్టెల్లో చాలావాటికి బాస్, మేల్ ఉంటాయి. ఫిమేల్ కూడా కావాలంటే మూడు వరసల పెట్టె కొనుక్కోవాలి, ఖరీదెక్కువ. ఇది తెలిసిన రోజు ఒక్కదాన్నే చాలాసేపు నవ్వుకున్నాను.

'డ్యూయల్' బటన్ నొక్కితే మెట్టుకి రెండు వాయిస్‌లు పలుకుతాయి. మొదటిది హార్మోనియం ఉంచి, రెండోది రీడ్ ఆర్గన్ పెట్టాను. దాన్ని ఒక స్థాయి కిందికి దించి, వాల్యూమ్ సగానికి తగ్గించాను. కొన్నాళ్ళు తంటాలు పడితే అర్థమైందేమిటంటే, రెండు గొంతులు సమానంగా పెడితే రెండూ చెడతాయి. ఎవరు ముందు అందుకుంటారో చూసుకోవాలి. పియానో వేలు పడగానే పలికి తగ్గిపోతుంది, స్ట్రింగ్స్ మెల్లగా లేచి నిలబడతాయి. కాబట్టి ఆ రెండూ ఒకదాన్నొకటి తొక్కుకోవు. హార్మోనియం, ఆర్గన్ రెండూ వేలు తీసేదాకా ఆగకుండా పలికేవే. వాటిలో ఒకటి తగ్గి ఉండాల్సిందే. ఏది తగ్గాలో డయల్ తిప్పేవాళ్ళు నిర్ణయిస్తారు.

ఈసారి అమ్మ వాయించింది. పద్యం ఎత్తుగడ, పైషడ్జం దాకా ఆ సాగదీత. తాతయ్య పెట్టె వాసన కూడా వచ్చినట్టనిపించింది నాకు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఇంకా అందంగా ఉండాలనిపించింది. ఆర్గన్ తీసి స్ట్రింగ్స్ వేశాను, రివర్బ్ పెంచాను. మా హాలు పెద్ద సభామందిరం అయిపోయింది. అమ్మ ఒక్కో స్వరం వెనకా పాతికమంది వయొలిన్లు లేచినట్టుంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అమ్మ వేలు ఎత్తేసింది. తను ఆపేసిన తర్వాత కూడా ఆ స్ట్రింగ్స్ కాసేపు మోగుతూనే ఉన్నాయి.

"కాదు" అంది. వేరే స్ట్రింగ్స్ పెట్టాను. "కాదు". ఆడగొంతుల బృందం 'ఆ' అంటున్నట్టుండే వాయిస్ ఒకటుంది, అది పెట్టాను. "కాదు". నేను డయల్ తిప్పుతూనే ఉన్నాను. అమ్మ ఎడమ చెయ్యి పైకి వచ్చి, కొంచెం తడుముకుని, డ్యూయల్ బటన్ నొక్కింది. నేనెక్కడ నొక్కుతున్నానో ఇన్నాళ్ళూ చూస్తూనే ఉందన్నమాట. హార్మోనియం ఒక్కటే మిగిలింది. మొదట మరీ నున్నగా ఉందనిపించిన అదే. దానితోనే వాయించుకుంది.

ఆ రాత్రి నా పాత కథ తీసి చదివాను. అమ్మ మీద మూడు కథలు రాశాను. అందరూ మెచ్చుకున్నది హార్మోనియం పెట్టె కథ. అందులో పెట్టె గుడికి వెళ్ళిపోతున్నప్పుడు అమ్మ గుమ్మానికడ్డంగా నిలబడి నాన్నతో నాలుగు మాటలంటుంది. సభల్లో ఆ నాలుగు మాటలే చదివేవాళ్ళు. అమ్మ ఆ కథ చదివి కళ్ళజోడు తీసి "బాగుందే, ఈవిడెవరు?" అంది. మా చెల్లెలూ నేనూ చాలా నవ్వాం. అప్పటికి అమ్మకి మాటలన్నీ ఉన్నాయి. ఆరోజు నిజంగా ఏమనుకున్నావమ్మా అని నేను అడగొచ్చు. అడగలేదు. ఇంకో కథ పనిలో ఉన్నాను.

ఇప్పుడు స్విచ్ వేయడం వరకే నా పని. డయల్ అమ్మే తిప్పుకుంటుంది. హార్మోనియం దగ్గర ఆగుతుందనుకున్నాను. వారం రోజులు ఆగింది. తర్వాత దాటిపోయింది. ఏవేవో విని, కొన్నిటికి మొహం చిట్లించి, ట్రంపెట్ దగ్గర కుదురుకుంది. నాకు నచ్చలేదు. మోహన రాగాన్ని పెళ్ళి బ్యాండులో విన్నట్టుంది. మెల్లగా హార్మోనియానికి మార్చబోతే చేతి మీద ఒక్కటేసింది. వాల్యూమ్ కూడా తనే పెంచుకుంటుంది.

మొన్న కింద వాటా ఆవిడ మెట్లెక్కి వచ్చి, "మనవడొచ్చాడా అక్కయ్యగారూ, బూర వాయిస్తున్నాడు?" అని అడిగింది.

"మా అమ్మండీ" అన్నాను.