కింద కృష్ణ, మీద మెరక

హైదరాబాదు నుంచి బెజవాడ వచ్చే హైవే మీద కోదాడ దాటి ఇంకాస్త ముందుకొస్తే పాలేరు వస్తుంది. వంతెన దిగితే గరికపాడు, సరిహద్దు చెక్‌పోస్టు. బస్సులో కునుకు తీసేవాళ్లకు ఈ ఊరు చెక్‌పోస్టుగానే తెలుసు. చుట్టుపక్కల రైతులకు కృషి విజ్ఞాన కేంద్రం ఉన్న ఊరుగా తెలుసు. 2024 సెప్టెంబరు మొదట్లో పాలేరు పొంగి ఇక్కడి వంతెన దెబ్బతిని, రెండు రాష్ట్రాల మధ్య రాకపోకలు నిలిచిపోయినప్పుడు మాత్రం టీవీలన్నీ గరికపాడు జపమే చేశాయి. పొంగితే ఊళ్లు ముంచేసే పాలేరు, వైరా, మునేరు ఈ ప్రాంతానివే. వాటన్నిటినీ కలుపుకుని పోయే కృష్ణ దక్షిణపు హద్దు. అయినా దీన్ని మెట్ట అనే అంటారు. నీళ్లు పల్లంలో ఉన్నాయి, చేలు మెరకలో ఉన్నాయి. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతపు కథలో సగం ఈ ఎత్తు తేడాదే.

మిగతా సగం రాతిది. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టకముందు జగ్గయ్యపేట పేరు బేతవోలు. ఊరి పక్కన ధనంబోడులో పురావస్తు పరిశోధకుడు బర్జెస్ 1882లో బౌద్ధ స్తూపాన్ని తవ్వించాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలపు శాసనాలు దొరికాయి. మాంధాత చక్రవర్తి శిల్పం చెన్నై మ్యూజియానికి చేరింది. ఊళ్లో మిగిలింది తక్కువ, చూడ్డానికి మద్రాసు వెళ్లాల్సి రావడం ఇప్పటికీ నాకు మింగుడు పడదు. ఆ శిల్పాలు చెక్కిన సున్నపురాయి జాతే ఇవాళ జయంతిపురం, ముక్త్యాల ఫ్యాక్టరీల్లో సిమెంటవుతోంది. రాయిని పిండి చేసి, గొలుసు బకెట్లతో పెద్ద టవరు నెత్తికి ఎక్కించి, అక్కణ్ణుంచి కొలిమి వేడి మీదుగా కిందికి జారవిడుస్తారు. దుమ్ము పైకెక్కడానికి ఇక్కడ ఎప్పుడూ ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా నీటికే.

మోట తోలిన తరం దాదాపు వెళ్లిపోయింది కాబట్టి అదెలా పనిచేసేదో చెప్పుకోవాలి. బావి అంచున రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య గిలక. గిలక మీదుగా మోకు. మోకు ఒక కొసన ఇనప బాన, రెండో కొసన ఎద్దుల కాడి. బావి దగ్గర్నుంచి పల్లానికి ఎద్దులు నడిచే వాలుదారి. ఎద్దులు వాలులో దిగుతుంటే బాన పైకొస్తుంది. తోలేవాడు మోకు మీద కూర్చుని తన బరువు కూడా కలుపుతాడు. బాన అడుగున తోలు తొండం ఉంటుంది, దానికో సన్నతాడు. బావిలో ఉన్నంతసేపూ తొండం మూతి పైకి మడిచి ఉంటుంది. అంచుకు రాగానే సన్నతాడు దాన్ని తొట్టిలోకి లాగుతుంది, నీళ్లు వాటంతట అవే జారిపోతాయి. చేత్తో బాన వంచే పని లేదు. ఎద్దులు వెనక్కి నడిచి మళ్లీ ఎక్కాలి, అదొక్కటే వృథా. వాలు, తాడు, బరువు మూడూ ఒకదానికొకటి సాయం పట్టే ఈ ఏర్పాటును ఎవరు కనిపెట్టారో గాని, ఏ ఇంజినీరింగు కాలేజీలోనూ దాని బొమ్మ పెట్టకపోవడం అన్యాయం.

ఇదే మూడింటితో జర్మనీలోని నల్లడవి కొండల్లో షొల్లాఖ్ అనే ఊరివాడు రాబర్ట్ వింటర్‌హాల్డర్ 1908లో ఇంకో పని చేశాడు. అతనికి ఓ సత్రం, ఓ నీటి మర ఉండేవి. మర చక్రానికి తాడు తగిలించి, మంచు మీద జారుడు చెక్కలతో ఆడుకునేవాళ్లను 280 మీటర్ల దూరం, 32 మీటర్ల ఎత్తు లాగించాడు. మంచుకొండల మీద లిఫ్టులకు అదే ఆది అంటారు. అక్కడ పారే నీరు మనుషుల్ని కొండెక్కించింది. ఇక్కడ మనుషులూ ఎద్దులూ నీటిని ఎక్కించారు. బరువు లెక్క చూస్తే మనవాళ్ల పని ఎంత కష్టమో తెలుస్తుంది. ఎకరం తడవడానికి అంగుళం నీరంటే నూరు టన్నుల పైమాటే. అదే 32 మీటర్లు ఎక్కించడమంటే, డెబ్భై కిలోల మనుషుల్ని దాదాపు 1,470 మందిని ఆ కొండ మీదికి చేర్చినంత. పత్తికో మిర్చికో ఒక్క అంగుళంతో సరిపోదు కూడా. తర్వాత అమెరికాలో సన్ వ్యాలీలో 1936లో కుర్చీ లిఫ్టు వచ్చింది, అరటి గెలలు ఓడకెక్కించే యంత్రం చూసి అల్లిందది. ఇదే కృష్ణ మీద శ్రీశైలంలో మన భక్తులూ పాతాళగంగకు రోప్‌వేలో దిగి ఎక్కుతున్నారు.

మోట తర్వాత ఆయిల్ ఇంజన్లు, ఆ తర్వాత కరెంటు మోటార్లు. కానీ ఎత్తే ఖర్చే లేకుండా, పైనెక్కడో నదిని నిలిపి వాలున పారిస్తే పోలా అని పట్టుబట్టిన మనిషి ఈ సీమవాడే. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ నందికొండ దగ్గర, ఇప్పటి నాగార్జునసాగర్ చోట, ఆనకట్ట కోసం ఉద్యమంలా తిరిగాడు. కేంద్రం వేసిన ఖోస్లా కమిటీ ఆ స్థలం చూడ్డానికి జనాన్ని కూడగట్టి అడవిలో దారి వేయించాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మం దాటి ఇక్కడికి వచ్చింది. వచ్చింది గాని, కొసకు వచ్చింది. పైనవాళ్లు తాగగా మిగిలిందే కొసకు. జలాశయంలో నీళ్లు తగ్గిన ఏడు అదీ ఉండదు.

అందుకే మళ్లీ ఎత్తడానికే వచ్చారు. 1974లో ఏర్పడ్డ సాగునీటి అభివృద్ధి సంస్థ ఏటి ఒడ్డుల వెంట ఎత్తిపోతల పథకాలు కట్టింది. 2004 మేలో ఉచిత విద్యుత్తు వచ్చాక కరెంటు బిల్లు భయం పోయింది. పోనిది మరమ్మతు. వరదకు పంప్‌హౌస్ మునుగుతుంది, ఇసుక మేటవేసి నీళ్లు తీసుకునే చోటు పూడిపోతుంది, ట్రాన్స్‌ఫార్మర్‌లో రాగి తీగ దొంగల పాలవుతుంది. బాగుచేయించాల్సిన రైతుల కమిటీ చందా దగ్గర చీలిపోతుంది. ప్రారంభోత్సవ శిలాఫలకం మాత్రం చెక్కుచెదరదు. ఎడమ కాలువ దొండపాడు బ్రాంచి కింద ఎండిపోతున్న 38 వేల పైచిలుకు ఎకరాల కోసం 2020 ఆగస్టులో వేదాద్రి ఎత్తిపోతలకు శంకుస్థాపన చేశారు, అంచనా సుమారు 490 కోట్లు. కట్టే ఖర్చు ఎంతన్నది కాదు, పదో ఏడు ఎవరు బోల్టు బిగిస్తారన్నదే నా అనుమానం.

వేదాద్రిలో నరసింహస్వామి గుడి మెట్లు దిగి రేవులో నిలబడితే ఎదురుగా కృష్ణ నిండుగా కనిపిస్తుంది. కాస్త ఎగువన పులిచింతల, 45.77 టీఎంసీల జలాశయం. అది డెల్టా నాట్లు ఆలస్యం కాకుండా కట్టింది, మెట్టకు కాదు. రేవు నుంచి వెనక్కి తిరిగి ఊరి పైకి వస్తే సుబాబుల్ తోటలు. కాలువ మీద నమ్మకం పోయిన చేలల్లో, పేపరు మిల్లులకు అమ్ముకోవచ్చని వేసినవి. ఇంకా పత్తీ మిర్చీ వదలని రైతు మాత్రం వంతు వచ్చిన రాత్రి మేజరు కాలువలో ఇంజను దించి, చేను దాకా పైపులు పరిచి, డీజిలు పోస్తున్నాడు. పక్క చేనుకు కూడా ఇస్తాడు, గంటకింత అని ముందే మాట్లాడుకుంటే.